అడ్డగీతల ముగ్గు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. వాకిట్లో చుక్కలుండవు, మెలికలుండవు. గుమ్మం నుంచి గేటు దాకా అడ్డంగా తెల్లగీతలు, నేల మీద నిచ్చెన పడుకోబెట్టినట్టు. "ఇదేం ముగ్గమ్మా, రైలు పట్టాల్లాగా" అని మా పనమ్మాయి చాలా రోజులు నవ్వింది.

ఆ ముగ్గు మావారి కోసం. ఆయనకి పార్కిన్సన్స్, మనిషి కదలికల్ని మెల్లమెల్లగా బిగించేసే మెదడు జబ్బు.

ఆయన లెక్కల మాస్టారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా 2018లో రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎన్‌సీసీ కూడా ఆయనే చూసుకునేవారు. మా ఇల్లు విశాఖలో, ఎమ్‌వీపీ కాలనీలో. పాతికేళ్ళపాటు వానొచ్చినా వరదొచ్చినా తెల్లారేసరికి బీచ్ రోడ్డు మీద ఉండేవారు. నేను వెళ్ళేదాన్ని కాదు. ఆ గంటా నాకు ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

జబ్బు వణుకుతో మొదలవలేదు, అందుకే మాకు తెలియలేదు. ముందు చేతిరాత చిన్నదైంది. బోర్డు మీద వెనక బెంచీకి కూడా కనబడేలా రాసే మనిషి పాలపద్దు రాస్తే నాకు కళ్ళజోడు కావాల్సి వచ్చింది. సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు వెనక్కిచ్చారు. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది కాదు. ఓరోజు పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కగదిలో పేపరు చదువుకుంటున్న ఆయనకి వాసనే రాలేదు. 2019లో న్యూరాలజిస్టు పేరు చెప్పారు. పేరు తెలిసింది కదా, మావారు ఊరుకుంటారా? దాని చరిత్రంతా చదివారు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు 1817లో దీని గురించి రాసినప్పుడు ఆయన గమనించింది మొత్తం ఆరుగురినట, వాళ్ళలో కొందరు వీధిలో ఎదురుపడినవాళ్ళేనట. "చూశావుటోయ్, మమ్మల్ని నడకతోనే పట్టేశాడు" అన్నారు. ముఖంలో నవ్వు లేదు. అప్పటికే ముఖం కండరాలు బిగుసుకోవడం మొదలైంది. నవ్వినా నవ్వినట్టు కనబడదు. అది నవ్వేనని గొంతుని బట్టి నేను పోల్చుకోవాలి.

మూడేళ్ళు మాత్రలతో బాగానే గడిచింది. 2022లో కాళ్ళు ఆగిపోవడం మొదలైంది. డాక్టర్లు దాన్ని ఫ్రీజింగ్ అంటారు. హాల్లో నడిచే మనిషి గుమ్మం దగ్గర ఆగిపోతారు. పాదాలు నేలకి అతికించేసినట్టు ఉంటాయి. ఒళ్ళు ముందుకి వంగుతుంది, కాళ్ళు మాత్రం రావు. మా గేటు దగ్గర మరీ ఎక్కువ. ఇరుకు చోటన్నా, మలుపన్నా, వెనక ఎవరైనా తొందరపెట్టినా అంతే. ఓ ఉదయం వాకింగ్ స్నేహితుడొకాయన "పదండి మాస్టారూ" అని ప్రేమగా చెయ్యి పట్టి లాగారు. ఒళ్ళు ముందుకొచ్చింది, కాళ్ళు అక్కడే ఉన్నాయి. బోర్లాపడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయింది, పై పెదవి చిట్లింది.

ఆ తర్వాత ఏడు నెలలు ఆయన గేటు దాటలేదు. నిజం ఒప్పుకోవాలి, నాకు హాయిగానే అనిపించింది. ఇంట్లో ఉంటే పడరు, పడితే నేనుంటాను అనుకున్నాను. కానీ ఏడు నెలల్లో మనిషి సగమయ్యారు. మలబద్ధకం ఎక్కువైంది, రాత్రి నిద్ర పోయింది, గొంతు లోపలికి వెళ్ళిపోయింది. స్నేహితులు ఫోన్ చేస్తే "పడుకున్నారని చెప్పు" అనేవారు.

దారి చూపించింది ఫిజియోథెరపీకి వచ్చిన అమ్మాయి. మొదటిరోజు వచ్చీ రాగానే ఒకటే అడిగింది.

"అంకుల్ మెట్లెక్కుతారా ఆంటీ?"

"ఎక్కుతారు. డాబా మీదికి నాకంటే ముందే వెళ్ళిపోతారు. అదే నాకు అర్థం కాదు."

"చదును నేల మీద మాత్రం ఆగిపోతారు, అవునా?"

నేనప్పటిదాకా మనసులో ఏమనుకుంటున్నానో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. మెట్లెక్కే మనిషి హాల్లో నడవలేకపోవడమేమిటి, కొంత బద్ధకం కూడా ఉందేమోననుకున్నాను. ఆ అమ్మాయి చెప్పాక కళ్ళు తెరుచుకున్నాయి. మనం నడిచేటప్పుడు ఒక్కో అడుగూ ఆలోచించి వెయ్యం, మెదడు దానంతటది వేయిస్తుంది. ఆ పని సాఫీగా సాగడానికి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి. అది తగ్గిపోతే ఆ అలవాటు నడక తడబడుతుంది. కంటి ముందు దాటాల్సిందేదైనా కనబడితే మాత్రం మెదడు వేరే దారిలో కాలుని కదిలిస్తుంది. మెట్టు అలాంటిదే. నేల మీద గీసిన గీత కూడా అలాంటిదే.

ముందు హాల్లో రంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించింది. మావారు వాటిని ఒక్కొక్కటే దాటుకుంటూ వంటింటి దాకా వచ్చేశారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

టేపు వాకిట్లో నిలవదు. రోజూ కడుగుతాం కదా. అప్పుడాయనే అన్నారు, "ముగ్గుంది కదోయ్" అని. స్కేలు తెప్పించుకుని కుర్చీలో కూర్చుని లెక్క వేశారు. గుమ్మం నుంచి గేటుకి పద్దెనిమిది అడుగులు, అడుగున్నరకో గీత, మొత్తం పన్నెండు. మా అమ్మమ్మ ముగ్గు తొక్కితే ఊరుకునేది కాదు, మరి ఇదేమో మగవాడి నడక కోసం వేసే ముగ్గాయె. "తొక్కట్లేదు, దాటుతున్నాను. మీ అమ్మమ్మకి అభ్యంతరం ఉండదు" అన్నారాయన. పన్నెండో గీత దాటి గేటు పట్టుకున్నారు. వీధిలోకి కాసేపు చూసి వెనక్కి తిరిగారు. తిరగడానికి కూడా ఒక పద్ధతుంది. ఉన్నచోటే గిర్రున తిరిగితే కాళ్ళు మెలిపడతాయి, అందుకని కారు తిప్పినట్టు వెడల్పుగా చుట్టి రావాలి. ఆ రోజుకి అంతే.

గేటు దాటాక మాకు అర్థమైంది, అసలు గేటు గడియారంలో ఉందని. మాత్ర వేసుకున్నాక ముప్పావుగంటకి మందు ఎక్కుతుంది. ఆ తర్వాత మూడు గంటలు ఆయన మా పాత మాస్టారే. మందు దిగిపోతే కుర్చీలోంచి లేవడమూ కష్టమే. కాబట్టి బయటికెళ్ళే టైము మనం పెట్టుకునేది కాదు, మాత్ర పెడుతుంది. పైగా ఆ మందుకీ మాంసకృత్తులకీ పడదు, రెండూ ఒకే తలుపులోంచి దూరాలని తోసుకుంటాయి. డాక్టరు తిండికి అరగంట ముందే వేసుకోమన్నారు. పొద్దున్నే పెసరట్టు తిని మాత్ర వేసుకున్న రోజున మందు ఎక్కడానికి గంటన్నర పట్టింది. పెసరట్టు మానలేదు, టైము మార్చాం. ఐదింటికి మాత్ర, ఆరింటికి నడక, ఇంటికొచ్చాక పెసరట్టు. మాత్రల అలారాలన్నీ నా ఫోన్లోనే.

స్నేహితులతో నడక మళ్ళీ మొదలైంది కానీ వాళ్ళకీ కొన్ని నేర్పాల్సి వచ్చింది. ఆగిపోతే లాగొద్దు. "నడవండి నడవండి" అనొద్దు. ఆగి, ఊపిరి తీసుకుని, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి అటూ ఇటూ మార్చుకుని, తర్వాత ఓ పెద్ద అడుగు వేస్తారు, అందాకా పక్కన నిలబడితే చాలు. ఇంకోటి వాళ్ళకి మరీ కష్టమైంది: నడిచేటప్పుడు మాట్లాడించొద్దు. రాజకీయాలు మాట్లాడకుండా వాకింగేమిటని వాళ్ళ బాధ. మాట మీదికి ధ్యాస పోతే అడుగు చిన్నదైపోతుంది. చివరికి ఒప్పందం కుదిరింది, బెంచీ మీద కూర్చున్నప్పుడే చర్చ. నడిచేటప్పుడు మాత్రం ఆయన ఎన్‌సీసీ లెక్క. "ఏక్ దో ఏక్, ఏక్ దో ఏక్" అని లోపల అనుకుంటే కాళ్ళు తాళానికి పడతాయి. ఫిజియో అమ్మాయి ఫోన్లో టిక్ టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకోమంది. "అక్కర్లేదమ్మా, ముప్పై ఏళ్ళు పిల్లల్ని నడిపించాను" అన్నారు.

చెప్పులూ మార్చాం. హవాయి చెప్పులు జారిపోతున్నాయి, మందపాటి రబ్బరు అడుగున్న బూట్లేమో నేలకి పట్టేస్తున్నాయి. వెనక పట్టీ ఉన్న తేలికపాటి శాండల్స్ సరిపోయాయి.

దగ్గర్లో ఓ పార్కుంది, దాని పేరు రాయను. బైకులు లోపలికి రాకుండా గేటు దగ్గర ఇనుప గొట్టాలతో మెలికల దారి కట్టారు. ఇరుకు, రెండు మలుపులు, వెనక క్యూ. ఫ్రీజింగ్ ఉన్నవాళ్ళని ఆపడానికి ఎవరైనా కూర్చుని ఆలోచించినా ఇంతకంటే బాగా కట్టలేరు. మొదటిసారి వెళ్ళినప్పుడు మావారు రెండో మలుపులో ఆగిపోయారు. వాచ్‌మన్ వచ్చి, "పొద్దున్నే ఏసుకొచ్చేశావా తాతా?" అన్నాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. నేను నోరు తెరిచేలోపే ఆయన, "పద, ఇంటికెళ్దాం" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడోరోజు కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో ఇరవై ఒకటయ్యాయి, పార్కిన్సన్స్ పేరు కూడా అందులో ఉంది. అది పట్టుకుని అర్జీ రాశారు. ఆయన చెప్పారు, నేను రాశాను, ఆయన చిన్నారి సంతకం చేశారు. ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు సారు సీట్లో లేరు. నాలుగోసారి ఉన్నాయన కూర్చోబెట్టి మంచిగానే విన్నారు, "ర్యాంపు వేయిస్తామమ్మా" అన్నారు. నేను ర్యాంపు అడగలేదు. పక్కనున్న పెద్దగేటు తాళం పొద్దునపూట తియ్యమన్నాను. కానీ వికలాంగులంటే వీల్‌ఛైరు, వీల్‌ఛైరంటే ర్యాంపు, అంతవరకే వాళ్ళకి తెలుసు.

నెలా పదిహేను రోజులకి ర్యాంపు వచ్చింది. మాస్టారు స్కేలు తీశారు. గేటు దగ్గర మెట్టు ఎత్తు ఎనిమిదంగుళాలు. ఒకటికి పన్నెండు వాలు, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు ఉండాలని నిబంధన, ఆ లెక్కన ర్యాంపు ఎనిమిదడుగులు రావాలి. వాళ్ళు వేసింది రెండున్నర అడుగులు, అదీ నున్నటి టైల్స్‌తో. వీల్‌ఛైరు ఎక్కించాలంటే ఇద్దరు తొయ్యాలి. మావారికైతే వాలు అసలే ప్రమాదం, దిగేటప్పుడు అడుగులు చిన్నవై, వేగమై, ఆగలేక పరుగులా అయిపోతాయి. ఆయనకి ఆ పాత మెట్టే మేలు, పక్కన పట్టుకోవడానికి ఓ కమ్మీ ఉంటే.

ఈసారి ఆఫీసుకి ఆయనే వచ్చారు. మందు ఎక్కే టైము చూసుకుని పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పన్నెండున్నరకి పిలిచారు. ఒంటిగంటకి, మాట మధ్యలో, మందు దిగడం మొదలైంది. కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయారు. ఆ అధికారి లేచి వచ్చి ఏం చెయ్యాలో తెలియక చేతులు చాచి నిలబడిపోయారు. ఎంత వాదించినా రాని ఫలితం దానివల్ల వచ్చింది. వారంలో పెద్దగేటు తాళంచెవి వాచ్‌మన్ చేతికొచ్చింది, మెట్టు పక్కన కమ్మీ వచ్చింది. లోపల నడకదారి మీద పసుపురంగు అడ్డగీతలు కూడా అడిగాం. అవి ఇంతవరకూ రాలేదు. ర్యాంపు అలాగే ఉంది, పిల్లలు దాని మీద జారుతున్నారు.

ఆ వాచ్‌మనే ఇప్పుడు మమ్మల్ని దూరం నుంచి చూసి గేటు తీసి పెడుతున్నాడు. ఆ రోజు మాట అతనికి గుర్తుందో లేదో. మావారు మాత్రం "నాకు పార్కిన్సన్స్ ఉంది, కాస్త టైమివ్వండి" అని తెలుగులో ఓ కార్డు రాయించుకుని జేబులో పెట్టుకున్నారు. మెళ్ళో వేసుకోమంటే ఒప్పుకోలేదు. ఇప్పటిదాకా తీసింది ఒక్కసారే, ఆటో అతనికి చూపించడానికి.

ఇక సముద్రం. బీచ్ రోడ్డులో పొద్దునపూట వాహనాలు ఆపేసే చోట నడవడం ఆయనకి ఇంట్లో కంటే సులువు. వెడల్పు, మలుపుల్లేవు, ఎవరూ తోసుకురారు. కాళీమాత గుడి నుంచి ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దాకా, మధ్యలో రెండు బెంచీలు. బెంచీ మీంచి లేవగానే నడవకూడదు, నిమిషం నిలబడాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బాత్రూములెక్కడున్నాయో, వాటిలో వెస్ట్రన్ కమోడ్ ఎక్కడుందో, పొద్దున ఆరింటికి తాళం ఎక్కడ తీసి ఉంటుందో నాకిప్పుడు కంఠస్థం. ఎవరూ పైకి చెప్పరు కానీ, పార్కిన్సన్స్ వాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టే వాటిలో ఇదీ ఒకటి. వస్తే ఆపుకోలేరు. సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి మాత్రం వెళ్ళొద్దనుకున్నాం. ఆ గుండ్రటి ఇనుప తలుపులు తలుచుకుంటేనే నాకు టెన్షన్.

ఆయనకి తృప్తి లేదు. రోడ్డు మీంచి చూస్తే సముద్రం సినిమాలా ఉందట, కాళ్ళు తడవాలట. పొడి ఇసుకలో అడుగు కూరుకుపోతుంది, ఆయన వల్ల కాదు. ఓ జాలరి పెద్దాయన చెప్పాడు, "ఆటు టైముకి రండి బాబూ, నీళ్ళు వెనక్కెళ్ళాక తడి ఇసుక సిమెంటులా ఉంటాది" అని. అమావాస్యకీ పున్నానికీ ఆటు బాగా లోపలికి పోతుందట. అంటే ఆటు టైమూ మాత్ర టైమూ కలవాలి. క్యాలెండర్లో అలాంటి రోజులు వెతికి పెట్టారు లెక్కల మాస్టారు. రుషికొండ ఎంచుకున్నాం. శుభ్రతకీ సౌకర్యాలకీ ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ కాబట్టి బాత్రూముల ధైర్యం.

పొడి ఇసుక దాటించడానికి మా అబ్బాయి ఓ ఉపాయం చేశాడు. ఇంట్లో ఉన్న రెండు ప్లాస్టిక్ చాపలు తెచ్చి ఒకటి పరిచి, ఆయన దాటాక వెనకది తీసి ముందు వేశాడు. చాప మీద అడ్డగీతల డిజైను ఉంది, దేవుడి దయ. తడి ఇసుక మీద నిజంగానే బాగా నడిచారు. నీళ్ళ దగ్గర మాత్రం మేం ఊహించనిది జరిగింది. అల వెనక్కిపోతుంటే కాళ్ళ కింద నేలే కదిలినట్టయి ఆయన వెనక్కి వాలిపోయారు. ఇద్దరం చెరోవైపు ఉన్నాం కాబట్టి సరిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపి పోయింది. పంట్లాం పైకి మడవమంటే "ఉండనియ్" అన్నారు. గంటసేపు అలాగే కూర్చున్నారు. నేను ఫోన్లో టైము చూస్తూ ఉన్నాను.

ఈ మధ్యలో సైకిల్ గొడవ ఒకటి. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు, నాలుగడుగులు కూడా సరిగ్గా వెయ్యలేని ఓ పార్కిన్సన్స్ పేషెంటు సైకిల్ మాత్రం హాయిగా తొక్కడం చూసి మెడికల్ జర్నల్లో రాశారట. అది చదివిన రోజునుంచీ మనవడి సైకిల్ మీద కన్నేశారు. తొక్కడం వస్తుంది సరే, దిగేటప్పుడు కాలు రాకపోతే? పెద్ద యుద్ధమే జరిగింది. కదలని సైకిల్ కొని డాబా మీద పెట్టించాం. సంధి.

కిందటి డిసెంబరులో అరకు వెళ్ళాం. విస్టాడోమ్ పెట్టె, అద్దాల పైకప్పు, పొద్దున్నే విశాఖలో ఎక్కితే నాలుగు గంటల పైన ప్రయాణం. కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలంటారు. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి పన్నెండో దాని దగ్గర నిద్రపోయారు. తొమ్మిదిన్నరకి అలారం మోగింది, ఓ సొరంగం చీకట్లోనే మాత్ర వేశాను. బొర్రా గుహల దగ్గర దిగలేదు, ఆ మెట్లూ, ఆ తడీ. దానికి ఆయన పేచీ పెట్టలేదు.

అరకు స్టేషన్లో దిగాలి. జనమంతా దిగేశాక వెళ్దామని వెనకే ఆగాం. తలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు అతుక్కుపోయాయి. ఇరుకు తలుపు, కింద పెట్టెకీ ప్లాట్‌ఫారానికీ మధ్య ఖాళీ, వెనక ఇంకో కుటుంబం సామానుతో. ముగ్గు పిండి లేదు, చాప లేదు. ఏక్ దో అని నేను గొణుగుతున్నాను, పని చెయ్యలేదు. అప్పుడు ఫిజియో అమ్మాయి ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చింది. ఆయన పాదం ముందు నా కాలు అడ్డంగా పెట్టాను.

వెనకున్న పాప వాళ్ళమ్మతో గట్టిగానే అంది, "అమ్మా, చూడు, ఆ మామ్మ తాతకి కాలు అడ్డం పెడుతోంది, పడిపోతాడు" అని.

మావారు కిందకి చూశారు. కమ్మీ పట్టుకుని, నా కాలి మీదుగా మోకాలు పైకెత్తి, పెద్ద అడుగు వేశారు. రెండో కాలు దానంతటదే వచ్చింది, ప్లాట్‌ఫారం మీదున్నారు. నేను దిగుతుంటే చెయ్యి అందించారు, ఆ వణికే చెయ్యే.

"నలభై ఏళ్ళ నుంచీ పెడుతూనే ఉంది పాపా, ఇవాళ పనికొచ్చింది" అన్నారు ఆ పిల్లతో. ముఖంలో ఏమీ లేదు. గొంతులో ఉంది.